గ్యాస్ లీకేజీని ఫోన్ పసిగడుతుందా?

ప్రశ్న: మా కొబ్బరితోట పక్కనుంచే గ్యాస్ పైప్‌లైన్ వెళ్తోంది. లీకైతే కంట్రోల్ రూమ్‌కి వెంటనే తెలుస్తుందా? మా ఫోన్‌లో తెలుసుకునే యాప్ ఏదైనా ఉందా?
– ఓ పాఠకుడు, కోనసీమ

జవాబు: ముందు యాప్ సంగతి. పైపులో పారే సహజవాయువులో ప్రధానంగా ఉండే మీథేన్‌ను గుర్తించే సెన్సర్ మామూలు ఫోన్లలో ఉండదు. కనిపెడతామని చెప్పే యాప్‌లను నమ్మకండి. ఇంట్లో పెట్టుకునే డిటెక్టర్ కూడా ఆరుబయట అక్కరకు రాదు, గ్యాస్ గాలికి చెదిరిపోతుంది.

కంట్రోల్ రూమ్‌లోని స్కాడా అనే కంప్యూటర్ వ్యవస్థ లైన్ పొడవునా ప్రెషర్‌ను గమనిస్తూ, ఎంత గ్యాస్ ఎక్కింది, ఎంత దిగింది అని లెక్క చూస్తుంటుంది. పైపు పగిలితే ప్రెషర్ పడిపోయి అలారం మోగుతుంది. చిక్కల్లా సన్నటి రంధ్రాలతోనే. వాటిలోంచి పోయే కాస్త గ్యాస్ మీటర్ల మధ్య మామూలుగా ఉండే తేడాలో కలిసిపోతుంది.

అందుకే రంధ్రం పడకముందే పట్టుకోవాలి. ఆ పని స్మార్ట్ పిగ్ అనే తనిఖీ యంత్రానిది. గ్యాస్ తోస్తుంటే ఇది పైపు లోపల సాగిపోతుంది. దాని అయస్కాంతాల ప్రభావం ఉక్కు గోడలోకి పాకుతుంది. తుప్పుతో గోడ పల్చబడిన చోట అయస్కాంత క్షేత్రం బయటికి పొంగుతుంది. సెన్సర్లు దాన్ని నమోదు చేస్తాయి. గోడ ఎక్కడ, ఎంత అరిగిందో అలా తెలుస్తుంది.

2014 జూన్ 27న మీ కోనసీమలోనే నగరం అనే గ్రామంలో ప్రభుత్వ రంగ గ్యాస్ సంస్థ గెయిల్ లైన్ పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్‌లో తడి గ్యాస్ (నీరు కలిసిన గ్యాస్) పంపడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. కాబట్టి అలారం ఉందా అనేకంటే, చివరిసారి పిగ్గింగ్ (పిగ్‌తో తనిఖీ) ఎప్పుడు చేశారు, ఏం తేలింది అని అడగండి. ప్రభుత్వ రంగ సంస్థ లైనైతే ఆర్టీఐలో అడగొచ్చు. లైన్ పక్కన బతికేవాళ్లకు ఆ మాత్రం తెలుసుకునే హక్కుంది.

మీరు వేసుకోదగ్గ యాప్ మాత్రం ఒకటుంది: కాల్ బిఫోర్ యూ డిగ్. కేంద్ర టెలికాం శాఖ 2023లో తెచ్చింది. జేసీబీ దించేముందు అందులో చెబితే, అక్కడ భూమిలో లైన్లున్న సంస్థలకు కబురు వెళ్తుంది.

చేలో నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తున్నా, బుస్సుమనే చప్పుడు వినిపించినా, లైన్ మీద గడ్డి ఓ పట్టీలా ఎండిపోయినా అనుమానించండి. మోటార్ స్విచ్ ముట్టుకోవద్దు, అగ్గిపుల్ల గీయొద్దు, బండి స్టార్ట్ చేయొద్దు. గాలి వచ్చే వైపుకి దూరంగా నడిచి వెళ్లాకే ఫోన్ తీయండి. లైన్ వెంబడి పాతిన గుర్తు రాళ్ల మీద, బోర్డుల మీద ఎమర్జెన్సీ నంబర్ ఉంటుంది. దాన్ని ఇవాళే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.