క్రౌన్ విక్టోరియానా, కాప్రీసా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, సెకండ్‌హ్యాండ్‌లో ఏది కొనాలని నువ్వడిగినవి రెండూ పాతకాలం పెద్ద అమెరికన్ కార్లు, వీ8 అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, వెనక చక్రాలకు డ్రైవ్. నన్నడిగితే ఫోర్డ్ క్రౌన్ విక్టోరియానే తీసుకో. షెవర్లే కాప్రీస్ 1996తోనే ఆగిపోయింది, క్రౌన్ విక్టోరియా 2011 దాకా వచ్చింది. పోలీసులూ ట్యాక్సీవాళ్లూ విపరీతంగా వాడారు కాబట్టి పార్టులు పాడైన కార్లు పడేసే జంక్‌యార్డులోనే చవగ్గా దొరుకుతాయి. 1994-96 కాప్రీస్‌లలో కొన్నింట్లో వచ్చిన 5.7 లీటర్ల ఎల్‌టీ1 ఇంజన్ లాగుడు నాకూ ఇష్టమే, 260 హార్స్‌పవర్. కానీ స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే దాని డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా వాటర్ పంపు కింద ఉంటుంది, పంపు కారిందంటే అదీ పోతుంది, ఒక రిపేరుకని వెళ్లి రెండు బిల్లులు కడతావు. క్రౌన్ విక్టోరియా 1996 నుంచి 2001 మధ్యదైతే, ఇంజన్‌లోకి గాలి పంపే ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ పగిలి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కారే అవకాశం ఉంది, మార్చారో లేదో అడుగు.

ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు. అమెరికాలో ఈ మిషిగన్ వచ్చిన కొత్తలో ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ణి. 2,600 పెట్టి ఇలాంటి కారే కొన్నా, మెకానిక్‌కి చూపిస్తే వంద అవుతుందంటే దండగ అనుకున్నా. స్నో టైర్లూ దండగే అనుకున్నా. జనవరిలో ఫ్రీవే ర్యాంపు మీద బండి వెనకభాగం పక్కకి జారి, గార్డ్‌రెయిల్‌కి రెండడుగుల దూరంలో ఆగింది, స్టీరింగ్ మీంచి చేతులు తియ్యడానికి చాలాసేపు పట్టింది. మార్చిలో లిఫ్ట్ ఎక్కిస్తే మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో ఫ్రేమ్‌ని, అంటే బండి కింది ఉక్కు చట్రాన్ని పొడిచాడు, అది అప్పడంలా విరిగి లోపలికి దిగిపోయింది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు పని అది. వెల్డింగ్‌కి 900. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేక, జీతం ఆలస్యమైందని నాన్నకి అబద్ధం చెప్పాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మరుసటి చలికాలం నాలుగు స్నో టైర్లు వేయించి, వెనక చక్రాల మీద బరువు కోసం డిక్కీలో రెండు ఇసుక బస్తాలు పడేసి, అదే కారుని ఇంకో ఐదేళ్లు నడిపాను. మీ బ్యాచ్ పిల్లలు మెరిసే రంగు చూసి పడిపోతారు, కింద పడుకుని ఫ్రేమ్ చూసేవాడు ఒక్కడూ ఉండడు. నువ్వు చూడు.

టైటిల్ (కారు యాజమాన్య పత్రం) రూల్స్ రాష్ట్రం సైట్‌లో ఉంటాయి. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కోట్ మాత్రం కారు కొనకముందే తీసుకో, ఇక్కడ అది కారుకంటే పెద్ద ఖర్చు కావచ్చు. సిటీలో గ్యాలన్‌కి 16, 17 మైళ్లకు మించి ఆశపడకు. చేతిలో 4,000 ఉంటే 2,800 లోపు కారే చూడు, మిగతాది టైర్లకీ మొదటి రిపేరుకీ పక్కన పెట్టు, స్నేహితుడు అడిగినా ఇవ్వకు.