ఫైబర్‌లో వంతు ఎవరిది?

ప్రశ్న: సార్, మా సిలబస్‌లో ఎఫ్‌డీడీఐ (కంప్యూటర్లను ఫైబర్‌తో రింగులా కలిపే నెట్‌వర్క్) ఉంది. ఎథర్నెట్‌లో లైను ఖాళీగా ఉంటే పంపేస్తారు, ఇద్దరి డేటా గుద్దుకుంటే మళ్లీ పంపుతారు, చానా సింపుల్ కదా. మరి ఈ ఫైబర్ రింగులో టోకెన్ పెట్టి అందరినీ ఎందుకు కాచుకోమన్నారు? ఒక స్టేషన్ (రింగుకు తగిలించిన కంప్యూటర్) దాన్ని వదలకుంటే మిగతావాళ్ల గతేంది?
- బీటెక్ స్టూడెంట్, అనంతపురం

జవాబు: గుద్దుకోవడం సింపులే నాయనా, గుద్దుకున్న సంగతి పంపినోడికి టైముకు తెలియడమే కష్టం. ఫ్రేము (ఒకసారికి పంపే డేటా ముక్క) పంపడం అయిపోయేలోపే తెలియాల. 100 ఎంబీపీఎస్‌లో 64 బైట్ల ఫ్రేము 5 మైక్రోసెకన్లలో అయిపోతుంది, ఫైబర్‌లో వెలుగుకు ఒక్క కిలోమీటరు పోవడానికే దాదాపు అంత టైమ్ పడుతుంది, అంటే పోయి రావాలంటే అర కిలోమీటరు కూడా దాటకూడదు. అందుకే ఫాస్ట్ ఎథర్నెట్ ఫైబర్ హాఫ్ డూప్లెక్స్‌లో (ఒకసారికి ఒక దిక్కుకే పంపే పద్ధతిలో) 412 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. ఎఫ్‌డీడీఐ రింగు 100 కిలోమీటర్ల దాకా, 500 స్టేషన్ల దాకా పోవాల, ఇంక అక్కడ గుద్దుకునే పద్ధతి ఎట్ల కుదురుతుంది?

మన పక్క ఉమ్మడి బావి కింద నీళ్లు వంతుల మీద పారించుకుంటారు చూడు, టోకెన్ అంటే ఆ వంతే, రింగులో తిరిగే చిన్న సంకేతం, అది చేతికొచ్చిన స్టేషనే పంపాల. నీ రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది, నాకు చానా ఇష్టమైన భాగం ఇది. రింగు మొదలయ్యేటప్పుడే ప్రతి స్టేషన్ టోకెన్ నాకు ఇంతలో తిరిగి రావాలని ఒక టైమ్ చెప్తుంది, అన్నిట్లోకీ తక్కువది ఖాయమవుతుంది. అది 8 మిల్లీసెకన్లు అనుకో. టోకెన్ 5కే వచ్చేసిందంటే మిగిలిన 3 మిల్లీసెకన్లు మామూలు డేటా పంపుకోవచ్చు, లేటుగా వచ్చిందంటే మామూలు డేటా ఆపి ముందే కేటాయించిన వాటా మాత్రం పంపి టోకెన్ వదిలేయాల. ఈ లెక్క వల్ల ఎంత రద్దీ ఉన్నా టోకెన్ 16 మిల్లీసెకన్లలోపు మళ్లీ నీ దగ్గరికి వస్తుంది. అప్పటికీ రాలేదంటే టోకెన్ పోయిందనుకుని స్టేషన్లు మళ్లీ మొదటి నుంచి టైమ్ తేల్చుకుంటాయి, ఎవడో పట్టుకుని కూర్చుంటే రింగు ఆగిపోదు.

స్విచ్‌లు వచ్చినాక ఈ రింగులు పోయినాయి గానీ ఇంటి ఫైబర్‌లో వంతులు ఇప్పటికీ ఉన్నాయి. జీపాన్‌లో (ఇండ్లకు ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చే ఒక పద్ధతి) ఒక ఫైబర్ చీలి 32 ఇండ్లకో 64 ఇండ్లకో పోతుంది, ఆ ఇండ్ల నుంచి పైకి పోయే వెలుగంతా మళ్లీ ఆ ఒక్కదాంట్లోనే కలవాల. అక్కడ టోకెన్ తిరగదు, ఆపరేటర్ దగ్గరుండే ఓఎల్‌టీ అనే మెయిన్ డబ్బానే ఏ ఇల్లు ఎప్పుడు ఎంతసేపు పంపాలో చెప్తుంది. దగ్గరింటి డబ్బా దూరమింటి డబ్బాతో సమంగా ఉండాలని కాసేపు ఆగి పంపుతుంది, ఎంతసేపు ఆగాలో కూడా ఓఎల్‌టీనే ముందుగా కొలిచి పెడుతుంది.