కేప్ మేలో ఇల్లు కొంటున్న మేనకోడలికి

చిట్టితల్లికి అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, నీ మేనకోడలు నీ దారే పట్టింది. ఉద్యోగం మానేసి న్యూజెర్సీ సముద్రం ఒడ్డున ఆ కేప్ మేలో, టిఫిను పెట్టి గదులు అద్దెకిచ్చే ఇల్లు, అదే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, కొంటుందట" అన్నాడు. వాడికి కోపం, నాకు గర్వం. నిద్ర మాత్రం ఇద్దరికీ పట్టి ఉండదు.

ఫొటోలు చూశాను. వరండా, చెక్క నగిషీలు, రంగు అద్దాల కిటికీ అన్నీ ఉన్నాయి. కరెంటు ప్యానెల్ ఒక్కదాంట్లో లేదు. అటక లేదు. ఇల్లు కొనేవాళ్లు తీసే ఫొటోలా ఇవి?

వరద ఇన్సూరెన్స్‌కి ఎంతవుతుందో సంతకానికి ముందే కనుక్కో. ఊరంతా 1976 నుంచి నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్, అంటే దేశం గుర్తించిన చారిత్రక స్థలం. అక్కడి పాత ఇళ్లలో బయటికి కనిపించేది ఏది మార్చాలన్నా ఊరి నిబంధనల ప్రకారం హిస్టారిక్ ప్రిజర్వేషన్ కమిషన్ అనుమతి కావాలి, కిటికీలతో సహా. జనవరి, ఫిబ్రవరిలో గదులు ఖాళీగానే ఉంటాయి, ఆ నెలల వాయిదాలకి డబ్బు పక్కన పెట్టుకో. 1978కి ముందు కట్టిన ఇంట్లో సీసం రంగు ఉందనే అనుకోవాలి. బుజ్జిగాడిది గోడలు గీకే వయసు, జాగ్రత్త.

ఇక అసలు సంగతి. ఆ ఊళ్లో అన్ని విక్టోరియన్ ఇళ్లు, అంటే విక్టోరియా రాణి కాలం నాటి నగిషీల ఇళ్లు, ఎందుకున్నాయో తెలుసా? 1878 నవంబరులో ఒక హోటల్లో మొదలైన మంట సుమారు 35 ఎకరాలు తినేసింది. ఆ బూడిద మీద లేచినవే చాలావరకు నువ్వు ముచ్చటపడుతున్న ఇళ్లు. అన్నీ మళ్లీ చెక్కే!

అదే ఊళ్లో మేము బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ నడిపిన ఇంట్లో పాత వైరింగ్ ఉండేది. నాబ్ అండ్ ట్యూబ్ అంటారు. పింగాణీ బుడిపెల మీద తీగలు విడివిడిగా సాగుతాయి. చుట్టూ గాలి ఆడితేనే వాటి వేడి పోతుంది. ఒక చలికాలం హీటింగ్ బిల్లు చూసి మీ మావయ్య గుండె బాదుకున్నాడు. ఒక కాంట్రాక్టర్ వచ్చి గోడలకి బెజ్జాలు పెట్టి లోపలంతా చలి ఆపే కాగితపు పీచు ఊదేశాడు. వైర్ల సంగతి అతను అడగలేదు, మీ మావయ్య చెప్పలేదు. ఆ చలికాలం ఇల్లు ఎంత వెచ్చగా ఉందో! రోజూ బిల్లు చూసి మురిసిపోయేవాడు.

జులై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినం సెలవు, వచ్చింది. గదులన్నీ నిండాయి, ప్రతి గదిలో ఏసీ. మేడ మీది ఆవిడ కిందికొచ్చి, ఏదో కాలిన వాసనొస్తోంది అంది. నేను వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టాను. పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనంలా ఉంది. ఫైర్ వాళ్లు గోడ పగలగొడితే లోపలి పీచు నల్లబడి ఉంది, ఇంకా మంట లేవలేదు. అతిథులందర్నీ పక్క ఇళ్లవాళ్లు సర్దుకున్నారు, ఆ మంచితనం ఆ ఊళ్లో ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం వైరింగ్ మొత్తం మార్చేదాకా తలుపు తెరవొద్దన్నారు. సీజనంతా పోయింది. తెనాలి పొలం అమ్మింది అందుకే, మీ నాన్నకి ఇప్పటికీ వేరే కారణం చెప్పాం.

తర్వాత మీ మావయ్య పడుకోబోయే ముందు గోడలన్నీ అరచేత్తో తడిమి చూసేవాడు. ఎడిసన్‌లో అపార్ట్‌మెంట్‌కి మారాక కూడా. నేను నవ్వేదాన్ని.

నీకు నా చేతి పెసరట్టు ఎలాగూ వచ్చు, బ్రేక్‌ఫాస్ట్ గురించి నాకు బెంగ లేదు. వారంలో మూడు రోజులు అది పెడితే అతిథులు మళ్లీ వస్తారు.

శనివారం ఇన్‌స్పెక్షన్ అన్నావు కదా. మామూలు ఇన్‌స్పెక్టర్ చాలడు, పాత ఇళ్లు తెలిసిన ఎలక్ట్రీషియన్ని విడిగా పిలువు. ఆయన సరే అనేదాకా డిపాజిట్ కట్టావంటే ఊరుకోను. నేనూ వస్తున్నాను, ఏడింటికల్లా ఇంటికొచ్చి నన్ను ఎక్కించుకో. అటక మొదట ఎక్కేది నేనే. నా మోకాళ్ల గురించి మీ నాన్నతో అనకు.

మీ అత్త