జడ వేసుకోడానికి చెయ్యి రావట్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 52 ఏళ్ళు, షుగర్ ఉంది. నాలుగు నెలల నుంచి కుడి భుజం నొప్పి, మొదట్లో రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకుంటేనే ఉండేది, ఇప్పుడు జడ వేసుకోడానికి కూడా చెయ్యి వెనక్కి రావట్లేదు, అటక మీద డబ్బా తియ్యాలంటే మా పాపని పిలవాల్సొస్తోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మా ఆడపడుచు అస్సలు కదిలించకు అంటుంది, మా ఆయనేమో కదిలిస్తేనే పోతుందంటారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ముందు అద్దం ముందు నిలబడండమ్మా. మోచేతులు రెండూ నడుముకి ఆనించి, ముంజేతులు ముందుకి చాచి, తలుపు రెక్కలు తెరిచినట్టు బయటికి తెరవండి. ఎడమది తెరుచుకుని కుడిది మధ్యలోనే ఆగిందా? ఇప్పుడు మీ ఆయన్ని మెల్లిగా తిప్పమనండి. ఆయన తిప్పినా అక్కడే ఆగిపోతే చాలావరకు అది ఫ్రోజెన్ షోల్డరే, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం. మీరు తిప్పితే రాకుండా ఆయన తిప్పితే వచ్చేస్తే మాత్రం కండరం సంగతి చూడాలి.

చెయ్యి పైకెత్తి చూస్తే చాలదా అంటే, చాలదు. చెయ్యి నిటారుగా 180 డిగ్రీలు లేస్తే అందులో సుమారు 120 మాత్రమే భుజం కీలుది, మిగతా 60 వీపు మీదున్న రెక్క ఎముక తిరగడం వల్ల వస్తుంది. కీలు బిగుసుకుంటే ఆ రెక్కే పని నెత్తినేసుకుని భుజాన్ని చెవి దాకా ఎగరేసి ఎలాగో నెట్టుకొస్తుంది, మనకేమో కాస్త లేస్తోంది కదా అనిపిస్తుంది.

స్కూల్లో దీన్ని బంతి గిన్నె కీలు అని చదువుకున్నాం గానీ గిన్నె తుంటిలో ఉంటుంది, భుజంలో ఉన్నది చిన్న సాసరే. నోట్లో స్పూన్ పెట్టుకుని దాని మీద నిమ్మకాయతో పరిగెత్తే ఆట ఉంది చూశారా, అదే లెక్క. నిమ్మకాయ పడకుండా చుట్టూ నాలుగు కండరాలు లాగి పట్టుకుంటాయి, వాటినే రొటేటర్ కఫ్ అంటారు. కీలు చుట్టూ ఒక పల్చటి సంచి కూడా ఉంటుంది, చంక కింద అది వదులుగా ముడతలు పడి ఉంటుంది, చెయ్యి లేపినప్పుడు ఆ ముడతలు విప్పుకుంటాయి. మీకు మందమై కుంచించుకుపోయింది ఆ సంచే. చంక దగ్గర బిగుతైపోయిన జాకెట్టు తొడుక్కుని చెయ్యెత్తితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఎక్స్‌రేలో ఎముకలే కనబడతాయి, సంచి కనబడదు.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ వస్తుంది, తగ్గడానికీ ఎక్కువ టైమ్ పడుతుంది. ముందు నొప్పి, తర్వాత బిగుతు, ఆ తర్వాత మెల్లగా వదులవడం, మొత్తం ఏడాది నుంచి మూడేళ్ళ దాకా పట్టొచ్చు. మూడు నెలల షుగర్ టెస్టు, థైరాయిడ్ టెస్టు చేయించుకుని ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే భయపడొద్దు, కాకపోతే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కాబట్టి ముందే చెప్పండి.

మీ ఆయన మాట సగం కరెక్టు. వేన్నీళ్ళ కాపడం పెట్టుకుని, టేబుల్ మీద ఎడమ చెయ్యి ఆనించి వంగి, కుడి చేతిని గడియారం లోలకంలా ఊపండి, తర్వాత గోడ మీద వేళ్ళతో పైకి పాకించండి. ఓర్చుకోగలిగినంత నొప్పి వరకు ఓకే, చేశాక రాత్రి నిద్ర పట్టకపోతే ఎక్కువ చేసినట్టే. ఎవరైనా పట్టి గట్టిగా లాగి సరిచేస్తానంటే మాత్రం చెయ్యి ఇవ్వొద్దు.

ప్రశ్న: సార్, నాకు 24. జిమ్‌లో డంబెల్స్ పక్కకి లేపుతూ, జగ్గుతో నీళ్ళు వంపినట్టు బొటనవేలు కిందికి తిప్పమన్నారు, అప్పట్నుంచి భుజం పైన పోటు.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: డంబెల్ పక్కన పెట్టి ఖాళీ చెయ్యే బొటనవేలు కిందికి పెట్టి పక్కకి లేపు, భుజం ఎత్తు దాటగానే ఇరుక్కున్నట్టవుతుంది. ఇప్పుడు అరచెయ్యి పైకి తిప్పు, హాయిగా పోతుంది. జబ్బ ఎముకకి పైన ఒక బుడిపె ఉంది, దానికీ పైనున్న ఎముక కప్పుకీ మధ్య సందు సుమారు ఒక సెంటీమీటరే, ఆ సందులోంచే కండరాన్ని ఎముకకి కట్టే తాడు లాంటి స్నాయువు వెళ్తుంది. అరచెయ్యి తిప్పితే బుడిపె పక్కకి తప్పుకుంటుంది, నువ్వేమో దాన్ని బరువుతో సహా కప్పుకేసి కొడుతున్నావు. రెండు వారాలు ఆపు, తర్వాత తక్కువ బరువుతో బొటనవేలు పైకి పెట్టి మొదలుపెట్టు. అప్పటికీ పోటు ఉంటే చూపించుకో.