గోడ మీద స్టెన్సిల్ (డిజైన్ ఆకారంలో కత్తిరించిన షీట్) పెట్టి డిజైన్ వేసేటప్పుడు దాని అంచుల కిందకి పెయింట్ పాకకుండా ఏం చేయాలి?

రంగు పాకేది ఎక్కువగా రోలర్ మీద పెయింట్ ఎక్కువవ్వడం వల్లే. ఫోమ్ రోలర్‌ని పెయింట్‌లో అద్దాక పాత గుడ్డ మీద బాగా దొర్లించి, దాదాపు పొడిగా అయ్యాకే స్టెన్సిల్ మీద పెట్టండి, గట్టిగా నొక్కొద్దు, పల్చగా 2 కోటింగులు చాలు. బేస్ కోట్, అంటే గోడకి ముందుగా వేసిన రంగు, పూర్తిగా ఆరాలి, లేకపోతే స్టెన్సిల్‌ని అంటించిన టేప్ పీకేటప్పుడు అదీ ఊడొస్తుంది. నాకైతే బేస్ రంగుకి ఒకట్రెండు షేడ్లే తేడా ఉన్న కలర్ చాలా నచ్చుతుంది, కాస్త పాకినా కనపడదు. మొదటి డిజైన్ గోడ మధ్యలో లెవెల్ చూసుకుని వేసి రెండు వైపులా వెళ్ళండి, సీలింగ్ అంచు తిన్నగా ఉంటుందని నమ్మకండి. ఇంకోటి, స్టెన్సిల్ వెనక వైపు మధ్యమధ్యలో తుడుస్తుండాలి, చాలామంది ఇదే వదిలేస్తారు, తర్వాతి డిజైన్‌కి మరకలు అక్కణ్ణుంచే వస్తాయి.