అఫిసినాలిస్ అంటే ఆఫీసు కాదు, అంగడి

అల్లం వంటి మొక్కల శాస్త్రీయ నామాల్లోనూ, ఉసిరి పాత శాస్త్రీయ నామంలోనూ కనిపించే ‘అఫిసినాలిస్’ అనే లాటిన్ విశేషణానికి అర్థమేమిటని, దానికీ ఆఫీసు అనే మాటకూ చుట్టరికం ఉందా అని అడిగారు. డిగ్రీ చివరి సంవత్సరం వృక్షశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షలో ఇదే ప్రశ్నకు పదిమంది ఎదుట తప్పు చెప్పి నవ్వులపాలైనవాణ్ణి కనుక, జవాబిచ్చే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

ఆ రోజు బల్ల మీద పెట్టిన స్పాటర్లలో, అంటే చూసి గుర్తుపట్టాల్సిన నమూనాల్లో, ఒకటి ఎండిన శొంఠి కొమ్ము. ‘జింజిబర్ అఫిసినేల్, కుటుంబం జింజిబరేసి’ అని గడగడా అప్పజెప్పాను. వేరే కళాశాల నుంచి వచ్చిన పరీక్షకులు కళ్ళద్దాలు సవరించుకుని, “పేరు సరే బాబూ, అఫిసినేల్ అంటే ఏమిటి?” అన్నారు. “ఆఫీసులకు సంబంధించినదండీ” అన్నాను. ఆయన నవ్వలేదు గానీ వెనక వరుస అంతా నవ్వింది. “మీ ఊళ్ళో శొంఠి ఎక్కడ కొంటారు?” అని అడిగారు. “పచారీ కొట్లోనండీ.” “అదే దాని అర్థం” అని తరువాతి స్పాటరు వైపు నడిచారు. ఇంత చెప్పిన పెద్దమనిషి, జింజిబర్ అనే ప్రజాతి పేరు కిందా అఫిసినేల్ అనే జాతి పేరు కిందా విడివిడిగా గీతలు గీయలేదని అరమార్కు కోసేశారు. మూడేళ్ళపాటు మా రికార్డుల్లో గీతలు దిద్దినవారే తప్ప, ఆ గీత మీద ఉన్న మాటకు అర్థం చెప్పినవారు ఒక్కరూ లేరు.

లాటిన్‌లో ‘అఫిసీనా’ అంటే పనివారి కార్ఖానా. మధ్యయుగాల నాటి యూరప్‌లో, మఠాలలో మూలికలనూ మందులనూ నిల్వచేసే గదికి ఆ మాట వాడారు. ఆ తరువాత అది మందుల అంగడికీ చెల్లింది. అక్కడ దొరికే సరుకు అఫిసినాలిస్. సంస్కృతంలో వలెనే విశేష్యపు లింగాన్ని బట్టి విశేషణం మారుతుంది కనుక, నపుంసకలింగమైన జింజిబర్ పక్కన అది అఫిసినేల్ అయింది; అల్లానికి 1807లో ఈ పేరు పెట్టినవాడు వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాస్కో. ఇక ఆఫీసు సంగతికి వస్తే, నా జవాబు పూర్తిగా అన్యాయమైనదేమీ కాదు. ‘పని’ అనే అర్థం గల ‘ఓపుస్’, ‘చేయు’ అనే అర్థం గల ‘ఫాకెరే’ కలిసిన మూలం నుంచే అటు అఫిసీనా, ఇటు విధి అనే అర్థంలో ‘అఫీకియుం’ పుట్టాయి. ఆ రెండో దాని సంతానమే మన ఆఫీసు. ఓపుస్‌కు సంస్కృతంలోని ‘అపస్’ తోబుట్టువు.

చాలా పుస్తకాలు ఈ విశేషణానికి ‘ఔషధ గుణాలు గల’ అని అర్థం రాస్తాయి. నా దృష్టిలో అది తప్పు. ఆ మాట మొక్క గుణాన్ని చెప్పదు, మొక్కను అమ్మిన చోటును చెబుతుంది. వేపకు ఆ విశేషణం లేదు. అంతమాత్రాన వేప మందు కాకుండా పోదు, ఆనాటి యూరప్ అంగళ్ళలో అది సరుకు కాదు, అంతే. ఉసిరికి గేర్ట్‌నర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1790లో ఎంబ్లికా అఫిసినాలిస్ అని పేరు పెట్టాడు. దాన్ని మళ్ళీ ఫిల్లాంథస్ ప్రజాతిలో చేర్చాక, అంతకుముందే 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టిన ఫిల్లాంథస్ ఎంబ్లికా అనే పేరు నిలిచి, అఫిసినాలిస్ రాలిపోయింది. పేరు మారినంత మాత్రాన ఉసిరి వగరు తగ్గిందా?

చెరకు పేరు శాకరమ్ అఫిసినారమ్‌లో ఉన్నది మాత్రం విశేషణం కాదు, ‘అంగళ్ళ యొక్క’ అనే షష్ఠీ బహువచనం. ఒకప్పుడు యూరప్‌లో పంచదారను మందుల అంగళ్ళలోనే అమ్మేవారు. ఆ రోజు శొంఠికి బదులు చెరకు ముక్క పెట్టి అడిగి ఉంటే, నేను తప్పకుండా చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసు అనే చెప్పి ఉండేవాణ్ణి.