పల్లమూ మట్టమే

సందేహం: ‘ఉపగ్రహాల్లోని రాడార్ ఆల్టిమీటర్ల వల్ల సముద్రమట్టం ఎగుడుదిగుడుగా ఉందని తేలింది’ అని ఒక వ్యాసంలో చదివాను. మట్టం అంటేనే సమం కదా, ఈ వాక్యం తప్పు కాదా? – ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: ‘సముద్రస్థాయి’ అని రాయనందుకు ముందు ఆ వ్యాసకర్తకో దండం. ఈమధ్య లెవెల్ అన్న మాట కనపడితే చాలు, స్థాయి అని పడేస్తున్నారు. మంద్రం, తారం పలకడానికి సముద్రమేమైనా వీణా?

మట్టం మన ద్రావిడ మాట. తమిళంలోనూ మట్టమే, కన్నడంలో మట్ట. హద్దు, మేర అనే అర్థంలో మట్టు ఉంది. ‘నా మట్టుకు’, ‘మట్టుపెట్టడం’ ఆ కుదురువే. కానీ ఈ మాట రుచి తెలియాలంటే మేస్త్రీ పక్కన నిలబడాలి. గోడల మూల సరిచూసేది మూలమట్టం. అదే పిల్లల జామెట్రీ బాక్సులోకీ చేరింది. గాజు గొట్టంలో బుడగ కదిలేది రసమట్టం. మా వరండా గచ్చు చేస్తున్నప్పుడు నా కంటికి అంతా చదునుగానే ఉంది. మేస్త్రీ రసమట్టం పెట్టాడు, బుడగ గీత దాటి గుమ్మం వైపు జరిగింది. ‘మట్టం లేదండీ’ అని మళ్లీ తాపీ అందుకున్నాడు. బుడగకు చదునుతో పనిలేదు, భూమి ఎటు లాగుతోందన్నదే దానికి లెక్క.

మీ చిక్కు విడేదీ అక్కడే. భూమి లాగుడు అన్నిచోట్లా ఒకటి కాదు. ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన నున్నటి గోళంగా భూమిని ఊహించుకుంటే, శ్రీలంకకు దక్షిణాన, లాగుడు తక్కువైన చోట, సముద్రం దానికన్నా సుమారు 100 మీటర్లు దిగువన ఉంటుంది. అలలూ ప్రవాహాలూ ఆపి అక్కడ రసమట్టం పెట్టగలిగితే బుడగ నడిమధ్యే నిలుస్తుంది. పల్లమే, అయినా మట్టమే!

అలలు, ప్రవాహాలు ఆగవు కాబట్టి అసలు నీరు ఆ మట్టానికి అటూఇటూ అవుతుంది. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ (వ్యాకరణంలోని సరళాలు కావు, ఉపగ్రహం) సుమారు 800 కిలోమీటర్ల పైనుంచి తన ఆల్టిమీటర్‌తో రేడియో తరంగం పంపి, అది తిరిగిరావడానికి పట్టే సమయాన్ని కొలిచేది. ఆ లెక్క ఒక్క నానోసెకను (సెకనులో వందకోట్లో వంతు) అటూఇటూ అయితే ఎత్తులో 15 సెంటీమీటర్ల తేడా. గాలిలోని తేమ తరంగాన్ని ఆలస్యం చేస్తుందని, ఆ తేమను కొలిచే పరికరాన్నీ అదే యాంటెన్నాకు తగిలించారు. ఇంతా చేసి దొరికేది ఉపగ్రహానికీ నీటికీ మధ్య ఎడం. ఉపగ్రహం ఎత్తులోంచి దాన్ని తీసేస్తే నీటి ఎత్తు.

అలా తేలినదాన్ని నేనైతే ‘సముద్రతలం’ అంటాను. మట్టం అన్నా తప్పనలేను. సాగర్ నీటిమట్టం 590 అడుగులకు చేరిందంటే మనమెవరం కాదనం కదా. ఆల్టిమీటర్‌ను ‘ఉన్నతిమాపకం’ చేయమని మాత్రం ఎవరూ ఉత్తరం రాయకండి.